బొమ్మ బోర్లిస్తే బోలెడు కథ

1990లో ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌కు బీబీసీ వాళ్ల ‘యాంటిక్స్ రోడ్‌షో’ వచ్చింది. ఇంట్లో ఉన్న పాత వస్తువులు పట్టుకెళితే నిపుణులు వాటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే కార్యక్రమం అది. ఒకావిడ తను పూలు పెట్టుకునే మట్టి కూజాను తీసుకెళ్లారు. గుడ్లగూబ ఆకారం, ఊడివచ్చే తల, ఒంటి నిండా పల్చటి మట్టి జావతో గీసిన ఈకలు. పింగాణీ పండితుడు హెన్రీ శాండన్ దాన్ని చూసి ఉబ్బితబ్బిబ్బయ్యారు. పదిహేడో శతాబ్దం చివర్లో స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు చేసిన అపురూప వస్తువు అదని తేల్చారు. 20 వేల పౌండ్లకు పైమాటే అన్నారు. ఆ తర్వాత స్టోక్-ఆన్-ట్రెంట్ మ్యూజియం దాన్ని కొనుక్కుంది. ‘ఓజీ’ అనే ముద్దుపేరుతో ఆ గుడ్లగూబ ఇప్పుడు అక్కడ అద్దాల పెట్టెలో ఉంది.

ఆ కాలపు స్టాఫర్డ్‌షైర్ కుమ్మరుల్లో సరుకు మీద పేరు రాసుకున్నవాళ్లు తక్కువ. శాండన్ చదివింది మట్టిని, మెరుగు పూతను, జావ గీత గీసిన చేతి ఒడుపును. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ యూరప్‌లో ఏ పాతసామాన్ల సంతకు వెళ్లినా కనిపిస్తుంది. బొమ్మ అడుగున నీలిరంగులో ఒకదాన్నొకటి దాటుకున్న రెండు కత్తులుంటాయి. జర్మనీలోని మైసెన్ కార్ఖానా ముద్ర అది. బొమ్మ మాత్రం మైసెన్ గడప తొక్కి ఉండదు.

పాత పింగాణీ బొమ్మలకు వెలకట్టే విద్యంతా ఈ రెండు కొసల మధ్యే తిరుగుతుంది. బొమ్మ చేతికి రాగానే బోర్లించి ముద్ర చూసి ఎగిరి గంతేసేవాళ్లు ఎక్కువగా మోసపోతారు. బోర్లించాల్సిందే. అయితే అక్కడ ముద్ర కంటే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

పంచదార బొమ్మల వారసులు

పింగాణీ చేసే కిటుకు యూరప్ వాళ్లకు చాలాకాలం చిక్కలేదు. చైనా, జపాన్‌ల నుంచి ఓడల మీద వచ్చేదే దిక్కు. శాక్సనీ పాలకుడు, పోలండ్ రాజు అగస్టస్‌కు ఈ పిచ్చి ఎంత ముదిరిందంటే, 1717లో ప్రష్యా రాజుకు 600 మంది ఆశ్వికదళ సైనికులను ఇచ్చేసి 151 పింగాణీ వస్తువులు తెచ్చుకున్నాడు. వాటిలోని పెద్ద కూజాలను ఇప్పటికీ ఆ సైనికుల పేరుతో ‘డ్రగూన్ కూజాలు’ అనే పిలుస్తారు.

అగస్టస్ చెరలో యోహాన్ ఫ్రీడ్రిష్ బ్యోట్గర్ అనే కుర్ర రసవాది ఉండేవాడు. బంగారం చేస్తానని ఊళ్లో కోతలు కోసి రాజు కళ్లలో పడ్డాడు. బంగారం ఎటూ రాలేదు. శాస్త్రవేత్త చిర్న్‌హౌస్‌తో కలిసి మట్టితో కుస్తీ పడితే 1708 ప్రాంతంలో తెల్లగా, గట్టిగా, వెలుతురుకు ఎదురుగా పెడితే పాలమీగడ రంగులో మెరిసే పింగాణీ తేలింది. 1710లో మైసెన్ కోటలో కార్ఖానా పెట్టారు. రహస్యం బయటికి పొక్కకూడదని కొండ మీది కోట ఎంచుకున్నారు. బ్యోట్గర్ ముప్పై ఏడేళ్లకే పోయాడు. రహస్యం కూడా ఎన్నాళ్లో నిలవలేదు, పదేళ్లు తిరిగేసరికి వియన్నాలో మరో కార్ఖానా లేచింది.

బొమ్మల కథ మలుపు తిరిగింది మాత్రం 1731లో, యోహాన్ యోఅఖిమ్ కెండ్లర్ అనే శిల్పి మైసెన్‌లో చేరాక. ఆ రోజుల్లో రాజుల విందుల్లో తీపి పదార్థాల వంతు వచ్చేసరికి బల్ల మీద పంచదార ముద్దతో చేసిన బొమ్మలు కొలువుదీరేవి. మన పెళ్లిళ్ల పంచదార చిలకలకు దూరపు చుట్టాలు అనుకోవచ్చు. వాటి స్థానంలోకి కెండ్లర్ పింగాణీ బొమ్మలను తెచ్చాడు. ఇటలీ వీధి నాటకాల విదూషకులు, గొల్లభామలు, పెద్ద పెద్ద గౌన్ల దొరసానులు, వాయిద్యాలు పట్టిన కోతుల మేళం. మంత్రి బ్రూల్ దగ్గర పనిచేసే దర్జీ ఒకడు రాజుగారి విందుకు తననూ పిలవాలని పట్టుబట్టాడట. సరేనని కెండ్లర్ అతణ్ణి కత్తెర, ఇస్త్రీ పెట్టెతో సహా మేక మీద ఎక్కించి పింగాణీ బొమ్మగా చేసి విందు బల్ల మీద నిలబెట్టాడని చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమో గానీ, మేకనెక్కిన దర్జీ బొమ్మ నిజం. ఇప్పటికీ అది మైసెన్ ప్రసిద్ధ నమూనాల్లో ఒకటి.

ఈ చరిత్రలో కొనేవాళ్లకు పనికొచ్చే సూచన ఒకటి దాగుంది. విందు బల్లకు నాలుగు వైపులా అతిథులు కూర్చుంటారు. అందుకని ఆ కాలపు మంచి బొమ్మకు వీపు కూడా ముఖంలాగే తీర్చిదిద్ది ఉంటుంది. జడ ముడి, గౌను మడతలు, నడుముకు కట్టిన రిబ్బన్ ముడి, అన్నీ ఉంటాయి. వెనక్కి తిప్పితే శ్రద్ధ సగంలో ఆగిపోయిందంటే అనుమానించాల్సిందే.

కత్తుల జంట, కిరీటం కింద అక్షరం

మైసెన్ కత్తుల ముద్ర 1720ల మొదట్లో వాడుకలోకి వచ్చింది. శాక్సనీ రాజచిహ్నంలోని కత్తులే అవి. పేరు వచ్చిన మరుక్షణం నకళ్లూ వచ్చాయి. 1845లో పారిస్‌లో మొదలైన సాంసన్ సంస్థ పాత మైసెన్, ఫ్రాన్స్ కార్ఖానా సేవ్ర్, చైనా వస్తువులన్నిటికీ నకళ్లు చేసింది. మ్యూజియం వస్తువులకు ప్రతులు చేస్తున్నామని బాహాటంగానే చెప్పుకుంది, తన ఆనవాలు కూడా వేసింది. చేతులు మారేటప్పుడు ఆ ఆనవాలును గీకేసినవాళ్లు ఉన్నారు. డ్రెస్డెన్‌లో హెలెనా వోల్ఫ్‌సోన్ అనే వ్యాపారి అయితే అగస్టస్ సొంత అక్షరాలనే ముద్రగా వాడుకుంది, మైసెన్ కోర్టుకెక్కాక మానుకుంది. తమాషా ఏమిటంటే సాంసన్ నకళ్లకూ ఇప్పుడు వయసొచ్చింది. వాటినే వెతికి కొనేవాళ్లున్నారు.

ఇటలీది ఇంకో తంతు. 1743లో నేపుల్స్ రాజు చార్లెస్, ఆయన భార్య మరియా అమాలియా కలిసి కాపొడిమోంటె కార్ఖానా స్థాపించారు. ఈ రాణి మన అగస్టస్ మనవరాలే. 1759లో చార్లెస్ స్పెయిన్ సింహాసనం ఎక్కుతూ కార్ఖానాను పనివాళ్లతో, మట్టితో సహా మాడ్రిడ్‌కు తరలించుకుపోయాడు. అంటే అసలైన కాపొడిమోంటె ఆయుష్షు పదహారేళ్లు. దాని గుర్తు లిల్లీ పువ్వు. బజారులో ‘కాపొడిమోంటె’ పేరుతో ఊదరగొట్టే ‘ఎన్’ అక్షరం, దాని మీద కిరీటం, తర్వాత నేపుల్స్‌లో వచ్చిన మరో రాజ కార్ఖానాది. పందొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాల్లో ఇటలీలోనూ జర్మనీలోనూ ఎవరు పడితే వాళ్లు ఆ ముద్ర కొట్టుకున్నారు. పార్కు బెంచీ మీద కూర్చున్న ముసలి తాగుబోతు బొమ్మ కింద కిరీటం ఉందని దాన్ని రాజుల కాలానికి అంటగట్టడం అమాయకత్వం.

ముద్ర అబద్ధమాడినా కొలత ఆడదు. తడి పింగాణీ బొమ్మ బట్టీలో కాలి బయటికి వచ్చేసరికి ఇంచుమించు ఆరో వంతు కుంచించుకుపోతుంది. నకలు చేసేవాడి చేతిలో అసలు అచ్చు ఉండదు. కాలిన బొమ్మ మీదే కొత్త అచ్చు తీస్తాడు. అందులో చేసింది కాలాక మళ్లీ కుంచించుకుపోతుంది. అసలు 18 సెంటీమీటర్లుంటే నకలు 15 దగ్గర ఆగుతుంది. మ్యూజియం జాబితాల్లో, పెద్ద వేలం సంస్థల పాత కేటలాగుల్లో ప్రతి బొమ్మ ఎత్తూ రాసి ఉంటుంది. టేపు పెట్టి కొలవడానికి రెండు నిమిషాలు పట్టదు. చాలామంది కొలవరు, అదే విచిత్రం. నకలులో ఇంకో లోటూ ఉంటుంది. అచ్చు మీద అచ్చు తీసినప్పుడు వేళ్ల సందులు పూడుకుపోతాయి, కనురెప్పలు మొద్దుబారుతాయి.

కత్తుల మీద అడ్డంగా గీతలు కోసి ఉంటే అది కార్ఖానాయే వేసిన వేటు. రెండో రకం సరుకని అర్థం. స్పెయిన్‌లోని లాడ్రో కూడా ఇదే పని చేస్తుంది, లోపమున్న బొమ్మ అడుగున తన పువ్వు గుర్తును గీకేస్తుంది. దుకాణదారు దాన్ని ‘పాతబడి చెరిగిపోయింది’ అని చెప్పవచ్చు. మెరుగు కింద వేసిన రంగు అలా చెరగదు.

డ్రెస్డెన్ లేస్ బొమ్మల గౌన్లు చూసి నోరెళ్లబెట్టనివాళ్లుండరు. ఆ జాలీ అల్లిక చెక్కింది కాదు. నిజం నూలు లేసును పింగాణీ జావలో ముంచి, బొమ్మకు కుచ్చిళ్లు పోసి చుట్టి కాలుస్తారు. నూలు కాలి బూడిదైపోతుంది, దాని ఆకారం మాత్రం పింగాణీలో మిగులుతుంది. వేలు తగిలితే విరుగుతుంది కాబట్టి లేసు చెక్కుచెదరకుండా ఉన్న బొమ్మ దొరకడం కష్టం. అంచుల్లో కాస్త విరుపు లేని లేస్ బొమ్మను మరీ పాతదని చెబితే ఇంకోసారి చూడాలి.

చలిమంట గూటి మీద పులి

ఇంగ్లండ్ బొమ్మల దారి వేరు. విక్టోరియా రాణి కాలంలో స్టాఫర్డ్‌షైర్ కార్ఖానాల బొమ్మలు విందు బల్లలకు కాదు, కూలీనాలీ చేసుకునేవాళ్ల ఇళ్లలో చలిమంట గూటి పైన ఉండే అరకు. వీపు గోడవైపే ఉంటుంది. అక్కడ రంగు వృథా అని వెనక భాగాన్ని బల్లపరుపుగా వదిలేశారు. అందుకే వాటికి ‘ఫ్లాట్‌బ్యాక్’ అని పేరు. రాణీగారు, ప్రిన్స్ ఆల్బర్ట్, ఇటలీ వీరుడు గారిబాల్డీ, పేరుమోసిన హంతకులు, సర్కస్ జంతువులు, అన్నీ అమ్ముడుపోయాయి. 1857 తిరుగుబాటును అణచిన హావెలాక్, కోలిన్ క్యాంప్‌బెల్‌లూ అరల మీదికెక్కారు. పత్రికల్లో బొమ్మ పడిన ప్రతివాణ్ణీ మట్టిలో దింపేశారు. రంగులు వేసినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఎక్కువ. ఒకే అచ్చులోంచి వచ్చిన రెండు బొమ్మల కళ్లు ఒకేలా ఉండకపోవడానికి కారణం అదే.

వీటికంటే ముందే, 1820, 30ల్లో వచ్చిన ‘డెత్ ఆఫ్ మన్రో’ కూడా మన దేశపు కథే చెబుతుంది. పులి ఒకటి ఎర్రకోటు తెల్లదొరను నోట కరుచుకుని ఉంటుంది. 1792 డిసెంబరులో బెంగాల్ సాగర్ దీవిలో వేటకు దిగిన మన్రో అనే యువ అధికారిని పులి ఎత్తుకుపోయింది. అతని తండ్రి హెక్టర్ మన్రో మైసూరు హైదర్ అలీ మీద పోరాడిన సేనాని. శ్రీరంగపట్నంలో 1799లో ఆంగ్లేయుల చేజిక్కి, ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న టిప్పు చెక్కపులి వెనకా ఈ సంఘటనే ఉందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. టిప్పుకు అది పగ తీరిన సంబరం, స్టాఫర్డ్‌షైర్ కుమ్మరికి గిరాకీ ఉన్న వార్త. అదే మ్యూజియంలో ఈ మట్టి పులి కూడా ఉంది. దిమ్మ మీద మన్రో పేరు తప్పు అక్షరాలతో రాసి ఉంటుంది. దిద్దిన అక్షరక్రమంతో ఎక్కడైనా కనిపిస్తే మాత్రం అనుమానం రావాలి.

ఈ బొమ్మలకు ముద్రలు దాదాపు ఉండవు. కాబట్టి తయారీయే సాక్ష్యం. పాతవాటిలో చాలామటుకు మట్టి పలకలను రెండు సగాల అచ్చులో చేత్తో అదిమి, అతికి చేసినవి. లోపల గాలి పోవడానికి పెన్సిల్ మొనంత చిన్న రంధ్రం ఉంటుంది. చేతికి బరువుగా తగులుతాయి. ఈమధ్య వచ్చే నకళ్లు జావను అచ్చులో పోసి, మిగిలింది ఒంపేసి చేసినవి. ఒంపడానికి అడుగున పెద్ద రంధ్రం కావాలి. బొటనవేలు దూరే రంధ్రం ఉండి, బొమ్మ తేలిగ్గా ఉంటే దాని వయసు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. బంగారు పూతను కూడా చూడాలి. పాతది మెత్తగా, కాస్త మసకగా ఉంటుంది. అద్దంలా తళతళలాడే ద్రవ బంగారం పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో గానీ వాడుకలోకి రాలేదు. మెరుగు మీది సన్నటి నెర్రెలు నిజంగా కాలం తెచ్చినవైతే ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా ఉంటాయి. ఒళ్లంతా సమానంగా గోధుమరంగు వల పరిచినట్టుంటే అది పనిగట్టుకుని తెప్పించినది.

కుక్కల జంటలు ఇప్పటికీ గిరాకీ తగ్గని సరుకు. స్పానియల్ కుక్కలు రెండు ఎదురెదురుగా, ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా. విడిగా ఒక్క కుక్క ధర జంటలో సగం కూడా రాదు. ముందుకాళ్లు ఒంటికి అతుక్కోకుండా విడివిడిగా మలిచినదైతే ధర పెరుగుతుంది, అచ్చు పని ఎక్కువ గనుక.

దేశం పేరు చెప్పే కాలం

ముద్రను పక్కన పెట్టమన్నాక మళ్లీ ముద్ర గురించే చెప్పాల్సి రావడం తప్పదు. కార్ఖానా గుర్తులు దొంగిలించినవాళ్లు కూడా సుంకం అధికారులకు భయపడ్డారు మరి. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం మరుసటి ఏడాది మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. బయటి నుంచి వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఇంగ్లిషులో ఉండి తీరాలంది. అందుకే బొమ్మ అడుగున ఉత్త ‘జర్మనీ’ అనో ‘ఇంగ్లండ్’ అనో ఉంటే సాధారణంగా అది 1891 తర్వాతిది. ‘మేడ్ ఇన్’ అనే మాట కూడా చేరితే ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపుది. దేశం పేరు లేనంత మాత్రాన పాతదైపోదు, అమెరికాకు పోని సరుకు మీద ఆ పేరు అవసరం లేదు.

జపాన్ సరుకు మీద 1921 దాకా ‘నిప్పన్’ అని ఉండేది. ఆ మాట కుదరదు, ‘జపాన్’ అనే రాయాలని అమెరికా సుంకం శాఖ పట్టుబట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడి అమెరికా సేనల ఏలుబడిలో ఉన్నప్పుడు, 1947 నుంచి 1952 వరకు, ‘ఆక్యుపైడ్ జపాన్’ అని వేశారు. కాలాన్ని ఇంత కచ్చితంగా పట్టిచ్చే రాతలు పింగాణీ లోకంలో తక్కువ. ఆ అయిదేళ్లలో జపాన్ కార్ఖానాలు మైసెన్ దొరసానుల్నీ, జర్మన్ పల్లె పిల్లల్నీ, ఇంగ్లిషు కుక్కల్నీ కుప్పలుగా దింపాయి. పనితనం నాసి. అయినా ఆ రెండు మాటల కోసమే వాటిని పోగేసేవాళ్లున్నారు.

జర్మనీలో పుట్టిన సరస్వతి

మన ఇళ్లకు ఈ కథ దగ్గరయ్యేది ఇక్కడే. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టించిన ముద్రణాలయం లక్ష్మీ సరస్వతులను ఇంటింటి గోడల మీదికి తెచ్చింది. ఆ పటాలకు గిరాకీ చూసి జర్మనీ కార్ఖానాలు అవే భంగిమలను పింగాణీలో పోసి భారతదేశానికి పంపాయి. తామరపువ్వు మీద లక్ష్మి, వీణ పట్టుకున్న సరస్వతి, వేణువుతో కృష్ణుడు. తర్వాత జపాన్ కూడా బరిలోకి దిగింది, దేవుళ్ల బొమ్మలున్న గోడ పలకలు సైతం చేసి పంపింది. తమిళనాడులో చెట్టినాడు భవంతులు ఖాళీ అయినప్పుడు ఇవన్నీ కారైకుడి పాతసామాన్ల వీధికి చేరాయి. తెలుగు ఇళ్ల బొమ్మల కొలువుల్లోనూ కొండపల్లి ఏనుగు అంబారీ పక్కన, మట్టి బొమ్మల మధ్య, పింగాణీ దేవుళ్లు కనిపిస్తుంటారు.

జర్మనీ దేవతలను గుర్తుపట్టడం సరదాగా ఉంటుంది. చీరకట్టు మనది, ముక్కు కొస మాత్రం డ్రెస్డెన్‌ది. మెరుగు వేయకుండా వదిలిన చర్మం మీద లేత గులాబీ ఛాయ, చీర అంచుకు సన్నటి బంగారు గీత, కిందికి తిప్పితే నొక్కిన అంకెలు. దేవుడు గనుక పసుపు కుంకుమల మరకలు దిమ్మ మడతల్లోకి ఎక్కి ఉంటాయి. వాటిని తోమి పోగొట్టాలనుకోవడం తెలివితక్కువ. ఆ మరకలు బొమ్మ పూజలందుకున్నదనడానికి ఆనవాలు, కొనేవాళ్లు వాటిని చూసే నమ్ముతారు. రవివర్మ బాణీ బొమ్మలకు ధర పలుకుతోందని తెలిశాక కొత్తగా చేసి పాతవని అమ్మడం కూడా మొదలైంది. వాటి మీదా మరకలు ఉంటున్నాయి, కాకపోతే మడతల్లో కాకుండా పైపైన.

కన్ను పదునెక్కాలంటే అసలువాటిని చూడటమే మార్గం. అందుకు తెలుగువాళ్లు మైసెన్ దాకా వెళ్లక్కర్లేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా పోగేసిన వస్తువులతో 1951 డిసెంబరు 16న హైదరాబాద్‌లో తెరిచిన మ్యూజియంలో యూరప్ పింగాణీకి ప్రత్యేక విభాగం ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లు మేలిముసుగు రెబెక్కా శిల్పం చుట్టూ, గంట కొట్టే గడియారం ముందూ గుమిగూడతారు. పింగాణీ గదిలో రద్దీ తక్కువ, తీరిగ్గా చూసుకోవచ్చు. అక్కడ గంట గడిపాక జుమ్మేరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో దుప్పటి మీద పరిచిన బొమ్మలను చూస్తే తేడా కంటికి ఆనుతుంది.

పాతదైతే చాలదు

వయసుంటే ధర ఉంటుందన్న నమ్మకాన్ని హుమ్మెల్ బొమ్మలు నిలువునా కూల్చాయి. బవేరియాలో పుట్టిన మరియా ఇన్నొసెన్షియా హుమ్మెల్ అనే సన్యాసిని గీసిన పల్లె పిల్లల బొమ్మలను గోబెల్ కార్ఖానా 1935 నుంచి పింగాణీలో చేసింది. ఆమె 1946లో, నలభై దాటకుండానే, క్షయతో పోయారు. యుద్ధం తర్వాత జర్మనీలో ఉన్న అమెరికా సైనికులు వాటిని ఇళ్లకు పట్టుకెళ్లడంతో మోజు అంటుకుంది. కిరీటం గుర్తుంటే తొలి దశ, తేనెటీగ ఉంటే 1950ల దశ అంటూ పుస్తకాలు, సంఘాలు, ధరల పట్టికలు వెలిశాయి. తర్వాత ఆన్‌లైన్ వేలాలు వచ్చాయి. అరుదైనవి అనుకున్న బొమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయని అందరికీ ఒకేసారి తెలిసిపోయింది. పోగేసిన తరం వృద్ధాప్యంలోకి జారుకుంది, వాళ్ల పిల్లలకు అక్కర్లేదు. గోబెల్ 2008లో వాటి తయారీ ఆపేసింది. ఇవాళ అమెరికాలో సెకండ్‌హ్యాండ్ దుకాణాల అరల్లో మామూలు హుమ్మెల్ బొమ్మలు భోజనం ఖర్చంత ధరకు దొరుకుతాయి.

ఇంగ్లండ్ రాయల్ డౌల్టన్ దొరసానులదీ ఇంచుమించు అదే గతి. 1913లో రాజదంపతులు బర్స్‌లెమ్ కార్ఖానాకు వచ్చినప్పుడు, రాత్రి చొక్కా తొడుక్కున్న పసివాడి బొమ్మను చూసి మేరీ రాణి ముచ్చటపడి ‘డార్లింగ్’ అన్నదనీ, దానికి ఆ పేరే ఖాయమైందనీ చెబుతారు. హెచ్ఎన్ 1 అదే. ఆ రెండు అక్షరాలు రంగుల విభాగం పెద్ద హ్యారీ నిక్సన్ పేరువి. 1930, 40ల బొమ్మల్లో సింహం-కిరీటం ముద్ర పక్కన చిన్న అంకె ఉంటే దానికి 1927 కలిపితే తయారైన సంవత్సరం వస్తుంది. 10 ఉంటే 1937 అన్నమాట. బుడగలమ్మే ముసలమ్మ బొమ్మను 1929 నుంచి 1998 దాకా చేస్తూనే ఉన్నారు. అది అందరికీ ఇష్టం, అందరి దగ్గరా ఉంది, అందుకే చవక. అదే కాలపు మరో నమూనా రెండు మూడేళ్లే చేసి ఆపేస్తే, లేదా అదే అచ్చును అరుదైన రంగుల్లో వేరే అంకెతో చేస్తే, ధర పదింతలయినా ఆశ్చర్యం లేదు. డౌల్టన్‌లో రంగు మారితే హెచ్ఎన్ అంకె మారుతుంది. గౌను ఎరుపా పచ్చా అన్నది ఇక్కడ చిన్న సంగతి కాదు.

ఇక అమెరికా కళాకారుడు జెఫ్ కూన్స్ 1988లో మైకేల్ జాక్సన్‌నూ అతని పెంపుడు చింపాంజీనీ మనిషంత పింగాణీ బొమ్మగా చేయించాడు. తెలుపు, బంగారు రంగు. మన షోకేసు బొమ్మల బాణీయే. 2001లో సదబీస్ వేలంలో అది 56 లక్షల డాలర్లు పలికింది. చేసిన పద్ధతి పాతదే, కొన్నవాళ్ల లోకం వేరు.

వస్తువు ఎవరెవరి చేతులు దాటి వచ్చిందో రుజువుంటే ధర ఎలా మారుతుందో 2021లో తెలిసింది. బెర్లిన్‌కు చెందిన ఒపెన్‌హైమర్ దంపతుల పాత మైసెన్ సేకరణ చేతులు మారి, నాజీల కాలంలో హిట్లర్ మ్యూజియం కోసం సేకరించిన వస్తువుల్లో చేరింది. యుద్ధం ముగిశాక డచ్ ప్రభుత్వం దగ్గర దశాబ్దాలు ఉండి, చివరికి వారసులకు తిరిగొచ్చింది. న్యూయార్క్‌లో వేలం వేస్తే సుమారు కోటిన్నర డాలర్లు వచ్చాయి. సగానికి పైగా ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియమే కొనుక్కుంది. ఇంటి స్థాయిలో చూసినా ఇదే లెక్క. కొన్న రశీదు, అట్టపెట్టె, తాతగారి షోకేసులో బొమ్మ కనిపించే పాత ఫొటో, వీటిలో ఏ ఒక్కటున్నా అమ్మకంలో పనికొస్తుంది.

అతుకులు, వెలలు, అనుమతులు

బొమ్మలో ముందు విరిగేవి వేళ్లు, టోపీ అంచులు, పూల రేకులు. మెడ రెండో స్థానంలో ఉంటుంది. మంచి పనివాడు అతికితే పగటి వెలుతురులో కనపడదు. నోట్లు పరీక్షించే అతినీల లోహిత టార్చిని చీకటి గదిలో వేస్తే కొత్త జిగురు, కొత్త రంగు మిగతా ఒంటికంటే వేరుగా వెలుగుతాయి. వేలిగోటితో సున్నితంగా తడితే నిఖార్సైన బొమ్మ ఖంగుమంటుంది, బీట ఉన్నది బొంగురుపోతుంది. బట్టీలో పడిన పగులు వేరు, తర్వాత పడిన బీట వేరు. మొదటిది వెడల్పుగా, లోపలికి మెరుగు దిగి ఉంటుంది. దాని వల్ల ధర పెద్దగా పడిపోదు. రెండోది వెంట్రుకలా సన్నగా ఉండి మురికి పట్టి ఉంటుంది. చెంపకు ఆనించి చూడటం ఇంకో పాత పద్ధతి. పింగాణీ చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ లాంటి పాలీరెసిన్ తగలదు.

ఒకే బొమ్మకు ఒకే రోజు నాలుగు ధరలుంటాయన్నది చాలా కుటుంబాల్లో తగవులకు మూలం. బీమా కోసం రాసేది అన్నిటికంటే ఎక్కువ. దుకాణంలో అంటించిన చీటీది ఆ తర్వాతది. వేలంలో సుత్తి పడినప్పుడు వచ్చేది ఇంకా తక్కువ, అందులోంచి వేలం సంస్థ తన కమీషన్ కోసుకుంటుంది. దుకాణదారు మన దగ్గర కొనే ధర అట్టడుగున ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఎవరో లక్ష అని పెట్టారని మనదీ లక్ష అనుకోవడం వాళ్ల ఆశను మన ఆస్తి అనుకోవడమే. అమ్ముడైన ధరలను విడిగా చూపించే సౌకర్యం ఆ సైట్లలోనే ఉంది. చూడాల్సింది అది.

అమెరికాలో ఉన్న పిల్లలకు ఇంటి కొలువు బొమ్మలు పంపాలనుకునేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. మన దేశంలోని 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. అది ఎక్కడ తయారైందన్నది అడ్డు రాదు. మామూలు మనుషులు దాన్ని విదేశాలకు తీసుకెళ్లకూడదు, అమ్మే వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. వందేళ్ల లోపుదైతే పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవచ్చు. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉన్న కుక్కపిల్లకు ఆ పత్రం విషయంలో చిక్కేమీ ఉండదు. 1910 నాటి జర్మనీ సరస్వతి మాత్రం పుట్టింటికి కూడా తిరిగి వెళ్లలేదు.